చూపే తొలి గురువు

ఈ సంవత్సరము మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులను "మీరు పెద్దవారై ఏమి కాదలచితిరి?" అని అడిగినప్పుడు, డాక్టరు, ఇంజనీరు, ఉపాధ్యాయుడు అను అలవాటైన జవాబుల నడుమ ఒక క్రొత్త మాట వినవచ్చినది. "డిజైనరు" అని కొందరు చెప్పిరి. ఆ మాట విన్న తలిదండ్రులలో ఒకరు, "చీరల మీద పువ్వులు వేయు పనియా?" అని అడిగిరి. అడిగిన వారిని తప్పుపట్టరాదు. ఆ పని మన యిండ్లలో తరతరములుగా జరుగుచున్నను, దానికి ప్రత్యేకముగా ఒక పేరు పెట్టి పిలుచు అలవాటు మనకు లేదు.

డిజైను అనగా అలంకారము మాత్రమే యని తలచుట పొరపాటు. ఒక వస్తువు ఎవరికొరకు, ఏ పనికొరకు, ఏ పదార్థముతో, ఏ ఆకారమున ఉండవలెనో ముందుగా ఆలోచించి నిర్ణయించుటయే డిజైను. బడిబల్ల యొక్క ఎత్తు, చెంబు యొక్క మెడ, పడవ ముక్కు, పాఠ్యపుస్తకములోని అక్షరముల పరిమాణము, ఆసుపత్రిలో రోగిచేతికిచ్చు చీటీ, ఇవన్నియు ఎవరో ఒకరు నిర్ణయించినవే. ఆ నిర్ణయము మంచిదైనప్పుడు దానిని మనము గమనింపనే గమనింపము. చెడ్డదైనప్పుడు మాత్రము నడుము నొచ్చును, చేయి కాలును, అక్షరము కనబడక కన్ను అలయును.

ఇక విద్యార్థుల ప్రశ్న వేరు. "మాకు ఆసక్తి యున్నది గాని క్రొత్త ఊహలు తోచుట లేదు. ప్రేరణ ఎక్కడ దొరకును?" అని వారు మమ్మడిగిరి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మా జవాబు. ప్రేరణ పిడుగువలె ఆకాశమునుండి పడునని కొందరి నమ్మకము. చేతి ఫోనులో పరదేశపు బొమ్మలను వందలకొలది చూచినచో దొరకునని మరికొందరి నమ్మకము. మాకు ఈ రెండు నమ్మకములును లేవు. ఒక వస్తువును వాడు మనిషి చేతులను ఓపికతో చూచినవానికే అది దొరకునని మా అభిప్రాయము. అట్లు చూచుట నేర్చుకొనుటకు మన భావనపాటి తీరము కంటె మంచి బడి మాకు తెలిసినంతలో లేదు.

ఈ అభిప్రాయము మాకు పుస్తకములవలన కలుగలేదు. మా తప్పువలన కలిగినది. దానిని దాచక చెప్పుట న్యాయము.

ఒకప్పుడు చేతిపనుల ప్రదర్శనము కొరకు మేము కొందరు ఉపాధ్యాయులము, విద్యార్థులము కలసి చేపలమ్ము స్త్రీల కొరకు ఒక క్రొత్త బుట్ట చేసితిమి. ఏదో చిత్రములో చూచిన నమూనాను ముందు పెట్టుకొని, వెదురు బద్దలతో నాలుగు పలకలుగా అల్లి, రెండు ప్రక్కల త్రాడు పిడులు కట్టి, మూత పెట్టి, మూతపై నెమలిని చిత్రించితిమి. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. ప్రదర్శనము ముగిసిన పిమ్మట దానిని రేవులో చేపలమ్ము ఒక అవ్వకు బహుమానముగా నిచ్చితిమి. రెండవనాడే ఆమె దానిని తిరిగి తెచ్చి మా గుమ్మము కడ దించి, "బుట్ట సానా బాగుంది బాబూ. గానీ నెత్తి మీద నిలవడం నేదు" అన్నది.

మేము తెల్లబోయితిమి. ఆమె మెడమీది చీర తడిసియుండెను. బుట్ట అడుగునుండి మంచునీరు, చేపల నీరు కారి వీపున ప్రవహించినవి. పలకల బుట్టకు మూలలుండుటచేత తలమీది చుట్టకుదురుపై అది కుదురుకొనక ఒకవైపునకు ఒరిగినది. ఒంటరిగా బుట్టను ఎత్తి తలకెత్తుకొను స్త్రీ అంచును పట్టుకొనునే గాని పిడిని పట్టుకొనదు. అందువలన మేమెంతయో ముచ్చటపడి కట్టిన పిడులు ఆమె ముంజేతులకు అడ్డుపడినవి. ఇవన్నియు ఒక్క ఉదయము ఆమె వెనుక నడచినచో మాకు తెలియవలసిన సంగతులే. మేము నడువలేదు. ఆమెకొరకు చేసితిమని చెప్పుకొంటిమే గాని, నిజమునకు ప్రదర్శనము చూడవచ్చు పెద్దలకొరకు చేసితిమి.

ఆనాటినుండి మేము తీరమునకు పోయి చూచుట ప్రారంభించితిమి. అంతకు ముందు వేయిసార్లు చూచిన వస్తువులే అప్పుడు క్రొత్తగా కనబడినవి.

పెద్దవలను చూడుడు. దానికి ఇరుప్రక్కల పొడవైన రెక్కలు, నడుమ సంచి యుండును. రెక్కలలో వలకన్ను పెద్దది. సంచి దగ్గరకు వచ్చుకొలది కన్ను చిన్నదగును. రెక్కల పని చేపను బెదరించి లోపలికి తోలుట గనుక అచ్చట నూలు తక్కువయైనను చాలును, లాగువారికి బరువు తగ్గును. సంచి పని చేపను పట్టి యుంచుట గనుక అచ్చట కన్ను సన్నగా నుండవలెను. పైత్రాటికి బెండ్లు, క్రిందిత్రాటికి బరువులు కట్టుటవలన వల నీటిలో గోడవలె నిలుచును. ఇందులో అలంకారమునకై పెట్టిన ముడి ఒక్కటియు లేదు. అయినను ఎండకు ఆరవేసిన వల ఎంత అందముగా నుండునో తీరవాసులకు చెప్పనక్కరలేదు.

తెప్పను చూడుడు. తేలిక కొయ్య దుంగలను చేర్చి కట్టిన ఆ వాహనమునకు లోపలి భాగమే లేదు. కెరటము మీదికి వచ్చినచో నీరు దుంగల సందులగుండ జారిపోవును. నీరు నిండుటకు చోటు లేని దానికి నిండి మునుగు భయము కూడ లేదు. నీటిని లోపలికి రానీయకుండుట ఎట్లని ఇతరులు తలలు బ్రద్దలు కొట్టుకొనుచుండగా, వచ్చిన నీటిని పోనిచ్చుట ఎట్లని మన పూర్వులు ఆలోచించిరి. ప్రశ్నను మార్చుటయే ఒక గొప్ప ఊహ. తమిళుల 'కట్టుమరము' అను మాటయే ఇంగ్లీషులో చేరి, నేడు ప్రపంచమంతట జంట పడవలకు పేరైనది.

ఇక కుట్టు పడవ. మన తూర్పు తీరమున పెద్దవలను సముద్రములోనికి కొనిపోవుటకు పూర్వము వాడిన పడవలకు మేకులుండెడివి కావు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి జతచేసెడివారు. ఒడ్డున విరుగు కెరటము కొట్టినప్పుడు మేకులు కొట్టిన గట్టి పడవ పగులును. కుట్టిన పడవ కొంచెము వంగి, ఆ దెబ్బను ఓర్చుకొనును. హార్బరు లేని కాలమున మద్రాసులో ఓడలు దూరముగా లంగరు వేసి నిలువగా, మనుషులను సరకులను కెరటముల మీదుగా ఒడ్డు చేర్చినవి 'మసూలా' అని పేరొందిన ఈ కుట్టు పడవలే. బలమనగా గట్టితనమే కాదు, వంగగలుగుట కూడ బలమేనను పాఠమును ఏ యంత్రశాస్త్ర గ్రంథము ఇంత చక్కగా బోధింపగలదు?

తీరమునుండి కొంచెము లోపలికి పోయినను ఇట్టి పాఠములకు కొరత లేదు. పొందూరులో సన్న ఖద్దరు నూలు వడకువారు ప్రత్తిని శుభ్రము చేయుటకు వాలుగ చేప దవడను వాడుదురు. ఆ దవడలోని సన్నని పండ్లు దువ్వెనవలె ప్రత్తి పోగులను చీల్చి, చెత్తను తొలగించి, పోగు తెగకుండ సాగదీయును. ఎవరో ఒకరు చేపను తిన్న పిమ్మట ఆ దవడను పారవేయక, దాని పండ్ల వరుసను వేలితో తడిమి చూచి, తన చేతిలోని ప్రత్తిని తలచియుండవలెను. రెండు వేర్వేరు వస్తువులను ఒక్క చూపులో కలుపుటనే మనము ప్రేరణ యనుచున్నాము. అయితే ఆ మనిషికి ప్రత్తిలోని కష్టము ముందే తెలియుటచేతనే చేప దవడ పనిముట్టుగా కనబడినది. కష్టము తెలియని వానికి అది ముల్లుగానే మిగిలిపోయెడిది.

బొబ్బిలి వీణను పనస కొయ్య యొక్క ఒకే దుంగలో తొలుతురు. అతుకు లేని దేహములో నాదము ఆటంకము లేక ప్రసరించునని వారి అనుభవము. శిల్పి మొదట వినవలసినది కొయ్యను, అటుపిమ్మట తీగెను. తన గొప్పదనము ఆ రెండింటి తరువాతనే.

ఇవి మన పల్లెటూరి ప్రశంసలని తోసివేయువారు గలరు. వారికొక సంగతి చెప్పవలసియున్నది. స్వాతంత్ర్యము వచ్చిన పదేండ్లకు మన ప్రభుత్వము అమెరికా దేశపు ప్రసిద్ధ డిజైనర్లగు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులను పిలిచి, ఈ దేశమున డిజైను విద్య ఎట్లుండవలెనో సలహా చెప్పుమని కోరినది. వారు దేశము తిరిగి 1958లో ఒక నివేదిక వ్రాసిరి. తాము చూచినవానిలో మిక్కిలి మెచ్చుకొనదగిన వస్తువుగా వారు పేర్కొన్నది మన ఇంటింట నుండు చెంబును! అది నిండుగా నున్నప్పుడు ఎట్లు నిలుచును, ఖాళీగా నున్నప్పుడు ఎట్లు నిలుచును, చంకన ఎట్లు ఇముడును, తలమీద ఎట్లు కుదురుకొనును, నీరు పోయునప్పుడు ధార ఎట్లు పడును, కడుగుటకు చేయి లోపలికి పోవునా, వెల యెంత, పాతబడిన పిమ్మట లోహమునకు ధర వచ్చునా, ఇట్టి ప్రశ్నలను వారు వరుసగా వేసిరి. ఆ చెంబు ఒక్కని కల్పన కాదనియు, అనేక తరములవారు కొంచెము కొంచెముగా దిద్దిన ఫలమనియు వారి తాత్పర్యము. ఆ నివేదిక ఫలితముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. 2015లో మన ఆంధ్రప్రదేశమునకును అట్టి జాతీయ సంస్థ వచ్చినది. డిజైనరు కాగోరు మన పిల్లలు ప్రవేశపరీక్ష వ్రాసి అందు చేరవచ్చును. మా బుట్టను ఈమ్స్ దంపతుల ప్రశ్నలలో ఒక్కదానికైన నిలిపి చూచియుండినచో, ఆ అవ్వ చీర తడిసెడిది కాదు.

వస్తువులకేగాక అక్షరమునకును ఈ ధర్మమే వర్తించును. మన జిల్లాలో శ్రీముఖలింగమునకు సమీపమున గల పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, కొండలమీది సవర పిల్లలకు చదువు చెప్పదలచిరి. తమ భాషలోని పుస్తకమును వారి నెత్తిన రుద్దలేదు. మొదట వారి భాష నేర్చుకొనిరి, వారి మాటలను వారి నోటనే విని వ్రాసికొనిరి, పిమ్మట వారికి తగిన పుస్తకములు వ్రాసిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. వినుటకు అన్ని యేండ్లు, చెప్పుటకు ఆ పిమ్మట! డిజైనరు కాగోరు విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణము మేము చూపలేము. ఎవరికొరకు చేయుచున్నామో వారి భాష మనకు రానప్పుడు, మనము చేయునది మన ముచ్చటయే గాని వారి వస్తువు కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "అట్లయినచో పాతవానినే పూజించుచు కూర్చుండవలెనా? తెప్పను, కుట్టు పడవను మత్స్యకారులే విడిచిపెట్టి, ఫైబరు పడవకు ఇంజను బిగించుకొని పోవుచున్నారు గదా?" అని. ఈ ఆక్షేపణ సమంజసమే. మత్స్యకారుడు పాతదానిని ప్రేమచేత పట్టుకొని కూర్చుండడు. ఏది తన ప్రాణమును కాచి, తన పొద్దును ఆదా చేయునో దానిని ఎన్నుకొనును. అతడే అన్నింటికన్న కఠినుడైన పరీక్షాధికారి. ఫైబరు పడవ ఆ పరీక్షలో గెలిచినది. మేము కోరునది పాత పడవ తిరిగి రావలెనని కాదు. ఆ పడవలోని ఆలోచన పోకూడదని. పెద్దలు పోయినచో ఆ కుట్టు ఎట్లు కుట్టిరో చెప్పువారుండరు. మన పాఠశాలలో ఎవరైన ఒక్క విద్యార్థి దాని కొలతలు తీసి, కుట్టును బొమ్మ గీసి యుంచెనా? మన తాతల చేతిలోని విద్యను దూరదేశపు గ్రంథములలో వెదకుకొను గతి మన మనుమలకు పట్టరాదు.

చూచువానికి క్రొత్తయు అచ్చటనే దొరకును. జపానులో మిక్కిలి వేగముగా పోవు రైలు సొరంగములోనుండి వెలువడునప్పుడు పెద్ద చప్పుడు చేసి ఊళ్లను బాధించుచుండెను. ఆ రైలు ఇంజనీర్లలో ఒకరగు ఈజి నకట్సుగారికి పక్షులను చూచు అలవాటు గలదు. గాలిలోనుండి నీటిలోనికి చప్పుడు లేక దుముకు లకుముకిపిట్ట ముక్కును తలచుకొని, రైలు ముందుభాగమును ఆ పోలికను పొడవుగా దిద్దిరి. 1997లో ఆ రైలు నడిచినది. లకుముకిపిట్ట జపానుకే చెందినది కాదు. తేలినీలాపురము దారిలో చెరువుగట్టున తీగెమీద అది ప్రతిదినము కూర్చుండును. మనము వలస కొంగలను చూడబోవుచు దానిని దాటి పోవుచున్నాము.

విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడినది. ఈ తీరమున సంవత్సరములో హెచ్చుకాలము ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు కదలును. దానిని అడ్డుకొననిచో రేవు ముఖద్వారము పూడిపోవును. అందుచేత రెండు పాత ఓడలను నీటిలో ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. ఇసుక నడకను చూచిన పిమ్మటనే ఆ ఉపాయము తోచినది. నేడు మన ప్రక్కనే మూలపేటలో క్రొత్త ఓడరేవునకు 2023లో శంకుస్థాపన జరిగినది. ఇట్టి కట్టడముల కాలమున ఇసుక ఎటు పోవును, పడవ ఎచ్చట నిలుచును, చేపల తట్టతో స్త్రీ ఏ దారిని నడుచును అని అడుగగల డిజైనర్లు బయటినుండియే రావలెనా? ఈ ఒడ్డున పుట్టి, ఆ ప్రశ్నలను తల్లిపాలతో నేర్చిన పిల్లలు కారాదా?

కావున విద్యార్థులారా, మా సలహా ఇది. ఒక నోటుపుస్తకము కొనుడు. మీ యింట నిత్యము వాడు ఒక్క వస్తువును ఎన్నుకొనుడు: పీట, చేట, కత్తిపీట, నీటి బిందె, ఏదైనను సరే. పదిదినములు దానిని వాడువారిని చూడుడు. మాటలాడక చూడుడు. చేయి ఎచ్చట పట్టుకొనుచున్నది, ఎచ్చట జారుచున్నది, ఎప్పుడు విసుగుకొనుచున్నారు, ఏ లోపమును సర్దుకొనుటకు గుడ్డపేలిక చుట్టిరి, అని వ్రాయుడు. చుట్టిన ఆ గుడ్డపేలికయే మీకు దొరకవలసిన ప్రేరణ. అచ్చట ఒక డిజైను మీ కొరకు వేచియున్నది. పిమ్మట అట్టముక్కతో, మట్టితో చవుకగా ఒక నమూనా చేయుడు. వారి చేతికిచ్చి, దాని గుణములను వర్ణింపక ఊరకుండుడు. వారు చెప్పిన తప్పును తేదీతో వ్రాసికొనుడు. మరల చేయుడు.

తలిదండ్రులకొక మనవి. గడియారమును విప్పిన పిల్లవానిని, కుట్టుమిషను క్రింద దూరి చూచు బాలికను వెంటనే కసరవలదు. ఎందుకు విప్పితివని అడిగి, జవాబు వినుడు. మీ వృత్తిని మీ పిల్లలయెదుట తక్కువచేసి మాటలాడవలదు. వల అల్లు తండ్రి చేతిని చూచి సిగ్గుపడు పిల్లవానికి ఏ సంస్థయు డిజైను నేర్పలేదు.

మా తోటి ఉపాధ్యాయులకొక సూచన. రాబోవు ప్రదర్శనములో ప్రతి వస్తువు ప్రక్కన, అంతకు ముందు చెడిపోయిన నమూనాను గూడ ఉంచుదము. తప్పును చూపుటకు వెనుదీయని పిల్లవాడు తప్పునుండి నేర్చుకొనగలడు. బహుమానములిచ్చు పెద్దలలో ఒక స్థానమును ఆ వస్తువును వాడువారికే ఇత్తము.

ఇక మా బుట్ట సంగతి. ఆ అవ్వ వెంట కొన్ని ఉదయములు నడచితిమి. రేవున వేలము పాట, మంచు, చుట్టకుదురు, అటుపిమ్మట పదిమంది ఇరుకుకొను ఆటోలో ఒడిలో బుట్ట. రెండవ బుట్టను గుండ్రముగా, పట్టుకొనుటకు మందమైన అంచుతో, ఆటోలో ఇముడు వెడల్పుతో, నీరు కారకుండ లోపల అల్యూమినియపు పళ్లెముతో చేసితిమి. నెమలి లేదు. మూతయు తీసివేసితిమి. అవ్వ దానిని నాలుగు దినములు వాడి మా కడకు వచ్చెను. ఈసారి బుట్ట తేలేదు. "నిలుస్తంది బాబూ. గానీ కాకులు పొడుస్తన్నాయి. మూతెందుకు తీసీసినారు?" అని అడిగినది.

మూడవ బుట్టకు మూత అల్లుచున్నాము.